దాచిన బలమను భ్రాంతి

టర్బో గల కారును కొన్న ప్రతివానికిని, సీట్లమీది ప్లాస్టిక్ కవర్లు తీయకమునుపే ఒక ఉపదేశము లభించుచున్నది. కంపెనీవారు ఇంజనులోని బలమునంతయు మనకు ఇయ్యలేదనియు, అందులో నూటికి ఇరువది ముప్పది వంతులను కంప్యూటరులో బంధించి యుంచినారనియు, ఆ కంప్యూటరులోని పట్టికలను తిరుగ వ్రాయించు రీమ్యాప్ చేయించినచో ఆ బంధము విడిపోయి బండి 'పికప్' అమాంతముగా పెరుగుననియు, మైలేజీ సైతము హెచ్చుననియు, ఇంజనుకు వెండ్రుకవాసి హానియు లేదనియు ఆ ఉపదేశసారము. గద్వాల గరాజులలోను, వనపర్తి పెట్రోలు బంకులవద్దను, నాగర్‌కర్నూలునుండి అచ్చంపేటకు పోవు త్రోవలోని టీకొట్లలోను, జాతీయ రహదారిమీద ఎఱ్ఱవల్లి చౌరస్తాలో టైర్లకు గాలి పట్టించుకొను డ్రైవర్లలోను ఈ మాట వేదవాక్యమై చెల్లుచున్నది. ఎదురు చెప్పినవాడు పిఱికివాడు. కాదేని షోరూమువారి మనిషి. నేను షోరూమువారి మనిషిని కాను. కంపెనీ బిగించిన బోల్టును ముట్టుటయే పాపమను ఛాందసుడను అంతకన్నను కాను. ట్యూనింగు ఒక విద్య యనియు, గౌరవింపదగిన విద్య యనియు నమ్మినవాడను; ఆ నమ్మకమువలననే ఈ ప్రచారమును ఖండింప బూనితిని. ఏలయన, దాచిన బలమను ఈ కథ కంపెనీవారికంటె ట్యూనింగు విద్యకే ఎక్కువ అపకారము చేయుచున్నది.

ప్రతిపక్షమువారి వాదములలో గట్టిదానిని ముందుగా ఎత్తుకొనుట న్యాయము. ఫియట్ వారి 1.3 లీటరు మల్టీజెట్ డీజిల్ ఇంజను మన దేశమున మారుతి స్విఫ్టులో 75 అశ్వబలము నిచ్చెను. అదే ఇంజను అదే మారుతివారి ఎస్‌ఎక్స్4లోను, ఎర్టిగాలోను 90 ఇచ్చెను. ఇంజను ఒక్కటే యైనప్పుడు ఆ పదునైదు గుఱ్ఱములు స్విఫ్టులో ఎక్కడికి పోయినవి, కంపెనీ దాచినదిగాక మరేమి అని వారడుగుదురు. వినుటకిది తిరుగులేని ప్రశ్నవలెనే యున్నది. కాని బానెట్టు ఎత్తి చూచినవానికి సమాధానము కంటికే కనబడును: 90 బలపు ఇంజనుకు తగిలించిన టర్బో వేరు. దాని టర్బైను చుట్టును ఇంజను వేగమునుబట్టి కోణము మార్చుకొను కదలురెక్కలు గలవు. స్విఫ్టులోని టర్బోకు అవి లేవు. టార్కునుగూడ చూడుడు. అది 190 న్యూటన్ మీటర్లనుండి 200కు మాత్రమే పెరిగినది. అనగా ఒక్కొక్క దహనమున పిస్టనుమీద పడు భారము ఇంచుమించు అంతయే యుండగా, పై వేగములలో గాలి చాలక ఇంజను చతికిలబడుటను ఆ ఖరీదైన టర్బో తప్పించినదన్నమాట. అశ్వబల మనునది టార్కును వేగముతో హెచ్చించగా వచ్చు అంకెయే కదా. పదునైదు గుఱ్ఱములకొఱకు కంపెనీవారు వేఱొక టర్బోను తయారింపవలసి రాగా, మన ట్యూనరు ల్యాప్‌టాపు ఒక్కటి చంకన బెట్టుకొని వచ్చి, ఆ పాత టర్బోమీదనే అన్ని గుఱ్ఱములును తీసెద ననుచున్నాడు. తీయునుకూడ, అబద్ధమనను. అయితే ఎక్కడినుండి తీయుచున్నాడన్నదే ప్రశ్న.

ఇంజను తయారించువాడు దానిని ఒక్క యజమానికొఱకు తయారింపడు. సిమ్లాలో మంచు కురియుచుండగా స్టార్టు చేయువానికిని, వైశాఖమాసమున అలంపురమునుండి మిట్టమధ్యాహ్నము ఏసీ వేసికొని బండి నిండ జనముతో బయలుదేరువానికిని, ఆయిలు మార్చవలసిన తేదీని మూడు నెలలు మఱచువానికిని, ఘాటు ఎక్కి వచ్చిన మరుక్షణమే తాళము త్రిప్పి మండుచున్న టర్బోకు నూనె అందకుండ చేయువానికిని, బంకు దూరమైన పల్లెలో ప్లాస్టిక్ క్యానులోని డీజిలును వడపోయకయే పోసికొనువానికిని, ఇందఱికిని అదే ఇంజను, అదే వారంటీ. ఈ యందఱిలో కడపటివాని కష్టమును లెక్కించి, ఆ కష్టములోనుగూడ లోహము కరగకుండునట్టి అంకెను నిర్ణయించుటయే రూపకర్త ధర్మము. మిగిలినది దాచినది కాదు, కేటాయించినది. ఆ కేటాయింపు ఎవరికొఱకు జరిగినదో ఆ జనము మనమే. బెర్లిను వాస్తవ్యుడు తన ఇంజనులోని ఈ మిగులును కొంత వాడుకొన్నచో దానికొక అర్థమున్నదేమో. మనము వాడుకొనుటకు ఏమియు మిగులలేదు, మన ఎండయు, మన దుమ్మును దానిని ముందే వాడుకొనుచున్నవి.

ఎండ సంగతి అంకెలతో చెప్పుట మంచిది. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగరు జిల్లానుండి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు మూడును కృష్ణను ఆనుకొని యున్నవన్న మాటయే గాని, వేసవిలో 43, 44 డిగ్రీలు చేరుట అచ్చట వింత కాదు. ఇక రహదారిమీద లారీ వెనుక నడచు కారు పీల్చు గాలి నీడలోని ఉష్ణమాపకము చెప్పినదానికంటె వేడిగానే యుండును. ఇప్పుడు శీతలదేశమున 15 డిగ్రీలవద్ద నున్న గాలిని టర్బో పీల్చి, బయటి పీడనమునకు 1.7 రెట్లుగా నొక్కినదనుకొందము. టర్బోలో గాలిని నొక్కు కంప్రెసరు సామర్థ్యము నూటికి 65 అయినచో ఆ గాలి దాదాపు 88 డిగ్రీలతో బయటికి వచ్చును. 45 డిగ్రీల గాలిని అట్లే నొక్కినచో అది 125 డిగ్రీలతో వచ్చును. బయట ముప్పది డిగ్రీల భేదము లోపల ముప్పదియేడైనది. ఇంటర్‌కూలరు ఉన్నదిగదా యందురు. ఉన్నది, కాని అది చల్లార్చునది బయటి గాలితోనే. 45 డిగ్రీల గాలి దేనినైనను తనకంటె చల్లగా చేయగలదా? ఇంతేగాక, గాలి వేడెక్కినకొలది పలుచబడును. 15 డిగ్రీలనుండి 45కు వచ్చునప్పటికి నూటికి తొమ్మిది వంతులకు పైగా బరువు కోల్పోవును. ఆ లోటును పూరింప కంప్యూటరు టర్బోను మఱింత వేగముగా త్రిప్పును. వేగము పెరిగినకొలది వేడి పెరుగును. రీమ్యాపునకు పూర్వమే మే నెలలో మన ఇంజను ఈ చక్రములో నలుగుచున్నది.

బెల్టుతో తిరుగు సూపర్‌ఛార్జరు గల కార్లవిషయము మరియు కఠినము. మెర్సిడెజ్ వారి 'కొంప్రెసర్' సెడాన్లు చేతులు మారిమారి చిన్నపట్టణములకును రాజాలునట్టి ధరలకు దిగినవి. వానిని కొన్న యువకునికి మొట్టమొదట ఎవరైనను చెప్పు చిట్కా సూపర్‌ఛార్జరు పుల్లీని చిన్నది వేయుమని. పుల్లీ చిన్నదైనచో రోటర్లు వేగముగా తిరుగును, గాలి ఎక్కువ వచ్చును. అంతవఱకు నిజమే. అయితే ఆ రోటర్లను త్రిప్పు శక్తి ఇంజను క్రాంకునుండియే పోవలెను గనుక, వచ్చిన బలములో ఒక భాగము రాకమునుపే ఖర్చగును. అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో కనిపెట్టినప్పుడు ఆ యంత్రము కార్లకొఱకు కాదు, కొలిమికి గాలి ఊదుటకు. అది గాలిని తనలోపల నొక్కదు, ఒకవైపునుండి మరొకవైపునకు త్రోయును, నొక్కుడంతయు బయట మానిఫోల్డులో జరుగును. అందువలన ఆ జాతి బ్లోయరు అదే పీడనమునకు మంచి టర్బోకంటె ఎక్కువ వేడిని పుట్టించును. బ్లోయరును దాని హద్దుమించి త్రిప్పినకొలది గాలికంటె వేడియే వేగముగా పెరుగును. మన ఎండలో ఆ చిన్న పుల్లీ కొనిపెట్టునది చాలవఱకు వేడిగాలియే.

అధికబలము నిత్యము వాడదగినది కాదను ఈ సత్యమును కంపెనీవారు దాచిరా? దాచలేదు సరిగదా, చరిత్ర తెలిసినవారికి నవ్వు వచ్చునంత బహిరంగముగా చెప్పిరి. కార్లకు సూపర్‌ఛార్జరు బిగించి అమ్మిన తొలి దినములలో, 1920ల ఆరంభమున, మెర్సిడెజ్ వారి ఒక కారు పేరే 6/25/40. మొదటిది పన్నుకొఱకు కట్టిన అశ్వబలము; రెండవది కంప్రెసరు లేకుండ ఇంజను ఇచ్చు బలము; మూడవది కంప్రెసరు తగిలినప్పటి బలము. యాక్సిలరేటరును కడవఱకు త్రొక్కినప్పుడే కంప్రెసరు పనిచేయును. స్వల్పకాలము మించి దానిని వాడరాదని నియమము. ఆనాటి రూపకర్త రెండు బలములను రెండుగా ప్రకటించి, ఏది నిత్యమో ఏది నైమిత్తికమో కొనువానికి ముందే తెలియజెప్పెను. ఈనాడు ఆ విచక్షణను కంప్యూటరు లోపల చేయుచున్నది. కంటికి కనబడదు గనుక మనము దానిని దొంగతన మనుచున్నాము.

యుద్ధవిమానముల కథ ఇంకను స్పష్టము. 1940లో బ్రిటను గగనమున పోరాడిన రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజను సూపర్‌ఛార్జరు పీడనమును ఆఱుంబావు పౌండ్లనుండి పండ్రెండు పౌండ్లకు పెంచిరి. 1,030 అశ్వబలమునకు చేరువనున్నది తక్కువ ఎత్తులలో 1,300 దాటెను. చూచితిరా, స్క్రూ త్రిప్పగానే బలము రెక్కలు విప్పుకొనెనని ప్రతిపక్షమువారు చప్పట్లు కొట్టవచ్చును. అయితే స్క్రూకు ముందు వచ్చినది, నొక్కుడుకు ఎక్కువగా ఓర్చుకొను 100 ఆక్టేను పెట్రోలు. ఆ ఇంధనము వచ్చినపిమ్మటనే ఆ పీడనమునకు అనుమతి వచ్చినది. వచ్చినను అయిదు నిమిషములకు మించి వాడరాదనిరి. వాడిన పైలటు నేలకు దిగిన తరువాత ఆ సంగతి చెప్పవలెను, చెప్పినదానిని ఇంజను లాగ్‌బుక్కులో వ్రాయవలెను. ప్రాణములు పోవుచున్న యుద్ధములో సైతము ఆ అయిదు నిమిషములకు లెక్క వ్రాసిరి. శ్రీశైలము పోయి వచ్చు కారుకు మనము లెక్క లేని అయిదు గంటలను ఇచ్చుచున్నాము.

ఇచ్చట ఇంధనము మాట వచ్చినది గనుక పెట్రోలు ఇంజనులోని అసలు ప్రమాదమును చెప్పవలెను. స్పార్కుతో మొదలైన మంట సిలిండరు అంచులకు ప్రాకుచుండగా, ఇంకను మంట చేరని మూలనున్న మిశ్రమము వేడికిని నొక్కుడుకును తాళలేక తనంత తానే ఒక్కసారిగా పేలును. దీనినే నాక్ అందురు. పిస్టను అల్యూమినియము, అల్యూమినియము 660 డిగ్రీలకు కరగును, మండుచున్న వాయువులు రెండు వేల డిగ్రీలు దాటును. ఈ రెంటినడుమ పిస్టనును కాపాడుచున్నది దాని తలమీద నిలిచియుండు పలుచని వాయుపొర మాత్రమే. నాక్ పుట్టించు పీడనతరంగము ఆ పొరను చీల్చును. అందుకే కంపెనీ ఇంజనుకు నాక్ సెన్సారు పెట్టి, శబ్దము వినబడగానే స్పార్కును వెనుకకు జరుపుచున్నది. మన సాధారణ పెట్రోలు చిరకాలము 91 ఆక్టేనుది. 100 ఆక్టేను పెట్రోలు 2020 డిసెంబరులో వచ్చినదిగాని, అది కొన్ని నగరముల బంకులలో మాత్రమే అడుగిడినది. 98 ఆక్టేనుకు వ్రాసిన ఐరోపా పట్టికను తెచ్చి మన 91 ఆక్టేనుపై పెట్టినవాడు బలమును పెంచలేదు. సెన్సారుకు పని పెంచినాడు.

ఇథనాలు సంగతి విచిత్రమైనది. ఇథనాలు కలిసిన పెట్రోలు నాక్‌ను ఓర్చుకొనును, గాలిని కొంత చల్లార్చును. ఇది ట్యూనరుకు అనుకూలమే. కాని కిలో పెట్రోలు కాలుటకు 14.7 కిలోల గాలి కావలసియుండగా కిలో ఇథనాలుకు 9 కిలోలు చాలును. కనుక నూటికి ఇరువది వంతులు ఇథనాలు కలిసిన ఇంధనమున, అదే గాలికి, ఇంచుమించు ఎనిమిది శాతము అధికముగా ఇంధనము పోయవలెను. దేశమంతట బంకులలోని పెట్రోలు ఈ మిశ్రమమునకు మారిపోయినప్పుడు కార్లు ఇంధనము చాలక రోడ్డుమీద ఆగిపోలేదు. ఏలయన ఇంజెక్టర్లలో ఆ ఎనిమిది శాతమునకు చోటు ఉన్నది. ఆ చోటునే మునుపు మన ట్యూనరు 'దాచిన బలము'గా గుర్తించి అమ్ముకొనియున్నచో, ఆ కారు పూర్తిగా త్రొక్కినప్పుడు ఇంధనము చాలక మిశ్రమము పలుచబడి, చల్లగా నుండవలసిన చోట మండును.

ఇక డీజిలు. డీజిలులో నాక్ బాధ లేదుగదా యని కొందఱు ధైర్యము చెప్పుదురు. డీజిలుకు హద్దులు వేఱు: ఎగ్జాస్టు వేడి, టర్బైను వేగము, సిలిండరులోని పీడనము. పంపు స్క్రూ త్రిప్పి నల్లపొగ వచ్చువఱకు డీజిలు పెంచుటయే మన ప్రాంతమున చిరకాలముగా ట్యూనింగు పేరిట చెల్లినది. నల్లపొగ వచ్చినదే బలమునకు గుర్తని నమ్మువారు నేటికిని గలరు. నల్లపొగ అనగా గాలి చాలక కాలని డీజిలు. డబ్బిచ్చి కొన్న డీజిలు కాలక ఆకాశమున పోవుచుండగా మైలేజీ పెరిగినదనుట గణితమునకు విరుద్ధము. ఒక్క సందర్భమున పెరుగవచ్చును: తక్కువ వేగముననే టార్కు చాలినందున డ్రైవరు గేరు ముందుగా మార్చినచో. అయితే పికప్ కొన్నవాడు నెమ్మదిగా నడుపుటకు కొన్నాడా? 2020 ఏప్రిలునుండి బీఎస్6 డీజిలు కార్లకు ఎగ్జాస్టులో మసిని పట్టు ఫిల్టరు వచ్చినది. ఆ నల్లపొగ ఇప్పుడు ఆకాశమునకు పోదు, ఆ ఫిల్టరులో నిండును. నిండినపిమ్మట దానిని ఊడబెఱికి కంప్యూటరునుండి దాని పేరు తుడిచివేయుటయే రెండవ చికిత్స. మొదటి చికిత్సకు పుచ్చుకొన్న రుసుముకంటె దీనికి ఎక్కువ.

గాలి పీడనమును చూపు మీటరు మన యువకులకు ఇష్టదైవమైనది. ముల్లు ఎంత పైకి పోయిన అంత బలమని వారి లెక్క. ఇది మూలమునందే తప్పు. మానిఫోల్డులోని పీడనము ఇంజనులోనికి పోయిన గాలిని కొలువదు. పోజాలక వాకిట నిలిచిపోయిన గాలిని కొలుచును. సిలిండరు హెడ్డులోని దారులను సుగమము చేసి, వాల్వులు తెఱచు కాలమును దిద్ది, ఎగ్జాస్టునందలి అడ్డంకిని తగ్గించినచో, మీటరు ముల్లు క్రిందికి దిగుచుండగానే బలము పెరుగును. ఇంజనుకు కావలసినది గాలి బరువు. బరువు పీడనముమీదనే గాక వేడిమీదను ఆధారపడియుండును. 125 డిగ్రీల గాలిని ఎక్కువ నొక్కుటకంటె, పెద్ద ఇంటర్‌కూలరు పెట్టి అదే గాలిని 65 డిగ్రీలకు దించుట మేలు. కాని ఇంటర్‌కూలరు బంపరు వెనుక దాగియుండును. స్నేహితులకు చూపుటకు ముల్లు లేదు.

దుమ్ముమాట చెప్పి ముందుకు పోయెదను. వనపర్తి, అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతములలో వేరుశనగ నూర్చు దినములలో గాలిలో ఎఱ్ఱమట్టి ఎంత యుండునో అచ్చటి వారికి చెప్పనక్కరలేదు. కంపెనీ కాగితపు ఫిల్టరును తీసివేసి, గాలి ధారాళముగా పోవునని నూనె పట్టించిన పత్తి ఫిల్టరును బిగించుట రీమ్యాపునకు తోబుట్టువైనది. ధారాళముగా పోవునది గాలి యొక్కటియే కాదు. నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగు కంప్రెసరు చక్రపు అంచులకు ఆ ఇసుకరేణువు తగిలినప్పుడు అంచు అరుగును. అక్కడ అరగక లోనికి పోయినది సిలిండరు గోడను గీయును. ఇంజను బోరుకు వచ్చిన పిమ్మట ఎవరును ఫిల్టరును నిందింపరు. పత్తివిత్తనములకు పేరెన్నికగన్న గద్వాలలో పత్తిని అనుమానించుట అపచారమేమో గాని, ఈ ఒక్క పత్తిని అనుమానింపక తప్పదు.

"మా బండికి చేయించి ఏడాదియైనది, ఏమియు కాలేదు" అనునది వారి బ్రహ్మాస్త్రము. ఏమియు కాలేదన్నచో, అలసట లోహమునకు లేదను భావమున చెప్పుచున్నారు. కనెక్టింగు రాడ్డు ఒక్కసారి అధికభారముచే విఱుగదు; లక్షలసార్ల అధికభారము లోపల సన్నని చీలికను నాటి, దానిని పెంచి, ఒకనాడు విఱుచును. బండలాగు పోటీలలో ఎడ్లు నియమిత కాలమున కొండంత బండను ఈడ్చి బహుమతి తెచ్చును. ఆ బండనే కాడికి కట్టి ఏరువాకనుండి కోతవఱకు దున్నించు రైతు గద్వాల సీమలో ఒక్కడును లేడు. రేసుకారు ఇంజనును ప్రతి పందెము తరువాత విప్పుదురు, బేరింగులు మార్చుదురు. అచ్చట కొలమానము గంటలు. మన యజమాని కొలమానము రెండు లక్షల కిలోమీటర్లు. మొదట జారునది క్లచ్చు. నాలుగవ గేరులో త్రొక్కినప్పుడు ఇంజను వేగమును చూపు ముల్లు లేచి బండి లేవదు. పిమ్మట టర్బో షాఫ్టు ఆట. పిదప హెడ్ గాస్కెటు. ఒక్కొక్కటి వేర్వేరు బిల్లుగా, వేర్వేరు నెలలలో వచ్చును గనుక ఏ బిల్లుమీదను రీమ్యాపు పేరు ఉండదు. ఆనాటికి బండి రెండవ యజమానిచేతిలో ఉండుటయు కద్దు.

ఉస్తాదుల చెవిని గూర్చి నాకు అపార గౌరవము గలదు. పాత పంపుల కాలమున, పొగ రంగును చూచి, శబ్దమును విని, నాజిలు ఎక్కడ కారుచున్నదో చెప్పగలిగినవారు మన గరాజులలో ఉండిరి, ఉన్నారు. కాని నేటి కామన్‌రైలు ఇంజనులో డీజిలు 1,600 బార్ల పీడనమున, ఒక్కొక్క స్ట్రోకులో పలుమారులు, సెకనులో వేయవవంతుకంటె తక్కువ కాలము చిమ్మబడును. పెట్రోలు ఇంజనులో నాక్ శబ్దము సెకనుకు ఆఱేడు వేల కంపనములది. ఇంజను పూర్తివేగమున అఱచుచుండగా, అద్దములు మూసి ఏసీ వేసిన కారులో, ఆ శబ్దమును చెవి పట్టజాలదు. అది చెవికి వినబడునప్పటికి పిస్టను అంచు పోయియుండును. చెవి చాలదన్నచో చెవికి అవమానము కాదు. అవమానమైనది, కొలిచితినని చెప్పి కొలువకుండుట.

కొలిచినవారిని సైతము ఒక ప్రశ్న అడుగవలెను. పెద్దపట్టణములలో బలమును కొలుచు డైనోమీద కారును పరుగెత్తించి రంగురంగుల కాగితము ఇచ్చువారు గలరు. ఆ కాగితముమీది అంకె చక్రములవద్ద పుట్టిన బలము కాదు. అమెరికా ఇంజనీర్ల ప్రమాణమునుబట్టి 25 డిగ్రీల గాలికి సరిదిద్దబడిన బలము. సహజముగా గాలి పీల్చు ఇంజనుకు ఈ దిద్దుబాటు న్యాయమే. కాని బయట గాలి పలుచనైనప్పుడు తానే పీడనము పెంచుకొని లోటు పూరించుకొను టర్బో ఇంజనుకు ఆ గుణకమును వేసినచో, ఒకసారి పూరించిన లోటును కాగితముమీద రెండవసారి పూరించినట్లగును. మే నెలలో కొలిచిన రీమ్యాపు జనవరిలో కొలిచినదానికంటె కాగితముమీద మిన్నగా కనబడుటలోని రహస్యము ఇదియే. బలము పుట్టుట గాక, గుణకము పుట్టుచున్నది.

చట్టము మాట క్లుప్తముగా చెప్పెదను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన మూలలక్షణములకు భిన్నమగునట్లు వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని ధ్రువీకరించెను. అదే ఏట వచ్చిన సవరణలో ఒక్కొక్క మార్పునకు అయిదువేల జుర్మానా, లేదా ఆఱునెలలవఱకు కారాగారవాసము, లేదా రెండును ఉన్నవి. పట్టువా డెవ్వడనుచు నవ్వువారు గలరు. ప్రమాదము జరిగినప్పుడు బీమా కంపెనీ సర్వేయరు పట్టును. అతడు పట్టుకొనుటకే జీతము తీసికొనుచున్నాడు.

ఇంతయు చెప్పినపిమ్మట, అయితే ట్యూనింగే వలదా యని అడుగవచ్చును. కావలెను, కాని అది పెంచుటతో మొదలు కారాదు. పెట్రోలు టర్బో ఇంజనును మన సీమకు తగినట్లు దిద్దుటన్న, లోనికి వచ్చు గాలి అరువది డిగ్రీలు దాటినప్పుడు పీడనమును ఎంత తగ్గింపవలెనో, స్పార్కును ఎంత వెనుకకు జరుపవలెనో చెప్పు పట్టికను ముందుగా దిద్దుట; గాలి ఇంధనముల మిశ్రమమును ఎగ్జాస్టులో కొలుచు వైడ్‌బ్యాండ్ సెన్సారుతో చూచుట; పెంచదలచినచో ముందు ఇంటర్‌కూలరును, క్లచ్చును, ప్లగ్గులను సరిచూచి, చివర అంకెను ముట్టుట. పరీక్ష నున్నని జాతీయ రహదారిమీద రాత్రి చల్లగాలిలో కాదు. శ్రీశైలము ఆనకట్టనుండి ఈగలపెంట, దోమలపెంటల వైపునకు మలుపులు త్రిప్పుకొనుచు ఎక్కు దారిలో, రెండవ గేరున, ఇంటర్‌కూలరుకు గాలి తగులని నెమ్మది వేగమున, ఇంజనుకు పూర్తిభారమున్నప్పుడు చేయవలెను. అచ్చట నిలిచినదే ట్యూను. కంపెనీవారు మన వేడికి పట్టికను దిద్దునప్పుడు కొన్నిచోట్ల అతిజాగ్రత్త వహించుటయు, గేరు మార్చునప్పుడు టార్కును అనవసరముగా కోయుటయు నే నెఱుగుదును. ఆ కొంచెమును శాస్త్రోక్తముగా తీసికొన్న ట్యూనరును నేను పండితుడని నమస్కరింతును. అతడు ముప్పది శాతము వాగ్దానము చేయడు. ఏడెనిమిది చెప్పును, అదియు చలికాలమున ననును.

వనపర్తి రాజుల ప్రాసాదములో నడచుచున్న ప్రభుత్వ పాలిటెక్నికులో మెకానికల్ విద్యార్థులకు ఒక ఛాసిస్ డైనోయు, రెండు వైడ్‌బ్యాండ్ సెన్సార్లును, ఎగ్జాస్టు వేడిని కొలుచు సాధనమును సమకూర్చినచో, మూడు జిల్లాల గరాజులలోని ఉస్తాదులను వేసవి సెలవులలో అచ్చటికి పిలిచి పిల్లల ప్రక్కన నిలబెట్టినచో, ఈ వ్యాసము వ్రాయవలసిన పనియే ఉండదు. అంతవఱకు కారు యజమానులకు నాదొక విన్నపము. ట్యూనరువద్దకు పోయినప్పుడు ఎన్ని గుఱ్ఱములు పెంచెదవని అడుగకుడు. మే నెల మధ్యాహ్నమున, బండి నిండ జనముతో ఘాటు ఎక్కునప్పుడు లోనికి పోవు గాలి వేడి ఎంత, ఎగ్జాస్టు వేడి ఎంత, నాక్‌కు స్పార్కు ఎంత వెనుకకు జరిగెనో వ్రాసి ఇమ్మని అడుగుడు. వ్రాసి ఇయ్యలేని వానిచేతికి తాళపుచెవి ఇయ్యకుడు.